గుట్ట ఆరిందా, వాగు దిగిందా?

2024 సెప్టెంబరు 1 తెల్లవారేసరికి కేసముద్రం, ఇంటికన్నె స్టేషన్ల మధ్య రైలు పట్టాలు గాలిలో వేలాడుతున్నాయి. కింద ఉండాల్సిన కంకరనూ మట్టికట్టనూ వరద ఊడ్చుకుపోయింది. కాజీపేట–విజయవాడ మార్గంలో రైళ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. నెక్కొండ మండలం వెంకటాపురం దగ్గర ఒక ఆర్టీసీ బస్సు చెరువు నీళ్లలో చిక్కుకుంది. ప్రయాణికులు రాత్రంతా అందులోనే బిక్కుబిక్కుమంటూ గడిపారు. మరిపెడ మండలం పురుషోత్తమాయగూడెం దగ్గర ఆకేరు వాగు ఉధృతికి కారు కొట్టుకుపోయి, విమానం అందుకోవడానికి బయల్దేరిన ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమె తండ్రి చనిపోయారు.

ఇంత వాన తెచ్చిన వాయుగుండం తీరం దాటింది కళింగపట్నం దగ్గర. శ్రీకాకుళం జిల్లాలోని ఆ ఊరికీ కేసముద్రానికీ మధ్య దాదాపు 450 కిలోమీటర్లు. టీవీలో ఆ పేరు వింటే మానుకోటలో (మహబూబాబాద్‌లో) ఉన్నవాళ్లు "మనకేం కాదులే" అనుకోవడం సహజం. కానీ వర్షాకాలపు వాయుగుండాలు తమ చుట్టూ అన్ని పక్కలా ఒకేలా కురవవు. అవి మామూలుగా పడమర, వాయవ్య దిక్కులకు కదులుతుంటాయి. కేంద్రానికి నైరుతి భాగంలో తేమగాలులు కూడి పైకి లేవడం ఎక్కువ కాబట్టి కుండపోత అటువైపే ఉంటుంది. ఆ రాత్రి విజయవాడ, ఖమ్మం, మహబూబాబాద్ అలా దెబ్బతిన్నాయి. తీరం దాటే ఊరి పేరు కంటే, ఆ ఊరికి మనం ఏ దిక్కున ఉన్నామన్నది ముఖ్యం.

సరదా ప్రయాణం గురించి రాస్తూ ఈ సంగతులతో మొదలుపెట్టడానికి కారణం ఉంది. కారు మీద సైకిళ్లు కట్టుకుని, డిక్కీలో తాళ్లు, హార్నెస్‌లు, హెల్మెట్లు వేసుకుని సెలవు రోజుల్లో గుట్టలు ఎక్కడానికీ అడవి బాటల్లో తొక్కడానికీ ఇటువైపు వచ్చేవాళ్లున్నారు. వాళ్లలో చాలామంది బయల్దేరే ముందు ఫోన్‌లో చూసేది ఒక్క అంకె: వర్షం 40 శాతం. ఇలాంటి పరిస్థితులున్న వంద రోజుల్లో సుమారు 40 రోజులు అక్కడ వాన పడుతుందని దానర్థం. పడేది నాలుగు చినుకులా, జడివానా అన్నది అందులో ఉండదు. రాయి తడిసిందో ఆరిందో అసలే ఉండదు. ఇక్కడ కొండలెక్కేవాళ్లకు పనికొచ్చే లెక్కలు వేరే ఉన్నాయి. రాయి ఎంతసేపట్లో ఆరుతుంది, మట్టి ఎప్పటికి గట్టిపడుతుంది, వాగు ఎప్పుడు దిగుతుంది అన్నవే ఆ లెక్కలు. ఈ మూడూ మూడు వేర్వేరు వేగాలతో నడుస్తాయి. ప్రయాణాన్ని వాటి వరుసలో పేర్చుకుంటే, వాన పడిన వారంలో కూడా పని జరుగుతుంది.

రెండు రకాల రాయి

ఇందుకు కేసముద్రం మంచి మకాం. రైలు దిగితే మిర్చి, పసుపు, మొక్కజొన్నలకు పేరున్న మార్కెట్ యార్డు, చుట్టూ చెల్క పొలాలు. ఇక్కడి నుంచి పడమటికి వరంగల్, జనగామ మీదుగా భువనగిరి దాకా పోతే దారి పొడవునా గ్రానైటు గుండ్లు, బోడగుట్టలు. ఈశాన్యానికి గూడూరు, పాకాల వైపు తిరిగితే రాయి మారుతుంది. పొరలు పొరలుగా ఏర్పడిన అవక్షేప శిలలు మొదలవుతాయి. ఇంకా ఉత్తరంగా రేగొండ ప్రాంతానికి చేరితే పాండవుల గుట్టలు, అంటే ఇసుకరాయి. ఒకే వాన ఈ రెండు చోట్లా పడినా ఫలితం ఒకటి కాదు.

గ్రానైటు సంగతి తేలిక. భూమి లోతుల్లో కరిగిన శిలాద్రవం నెమ్మదిగా చల్లారి ఏర్పడిన రాయి అది. స్ఫటికాలు ఒకదానిలో ఒకటి అల్లుకుపోయి ఉంటాయి. తాజా గ్రానైటులో ఖాళీలు దాని ఘనపరిమాణంలో ఒక శాతం కూడా ఉండవు కాబట్టి నీరు లోపలికి పోదు, పైనుంచి జారిపోతుంది. వాన వెలిశాక ఎండా గాలీ తగిలితే గంట, రెండు గంటల్లో బండ ఆరుతుంది. చిక్కు పగుళ్ల దగ్గర ఉంది. పైన మట్టి, చెట్లు ఉన్న చోట పగుళ్లలో నుంచి రోజుల తరబడి నీరు ఊరుతూనే ఉంటుంది. అక్కడ పట్టిన నల్లని పాకుడు ఎండలో మామూలు మచ్చలా కనిపిస్తుంది గానీ, తడిస్తే బూటు నిలవనివ్వదు.

భువనగిరి కోట ఉన్న బండ ఈ జాతిదే. ఊరి నడుమ 500 అడుగులకు పైగా లేచిన ఏకశిల. తెలుగు నేలమీద రాతి ఎక్కుడుకు బడి అంటూ ఉంటే ఇదే. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్, కోచ్ శేఖర్ బాబు శిక్షణలో మొదట తాళ్లు కట్టుకున్నది ఈ బండ మీదే. గురుకుల పాఠశాల విద్యార్థులైన ఆ ఇద్దరూ 2014 మే 25న టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. అప్పటికి పూర్ణకు పద్నాలుగేళ్లు నిండలేదు.

మే నెలే ఎందుకన్నది చూస్తే మన లెక్క కూడా అర్థమవుతుంది. చలికాలమంతా ఎవరెస్టు శిఖరం మీదుగా జెట్ ప్రవాహమనే భీకరమైన గాలి వీస్తుంటుంది. నైరుతి రుతుపవనాలు రాబోయే ముందు, మే నెలలో, ఆ ప్రవాహం ఉత్తరానికి తప్పుకుంటుంది. రుతుపవనాల మంచు ఇంకా మొదలు కాదు. ఆ రెండింటి మధ్య దొరికే కొద్ది రోజుల తెరిపి కోసం పర్వతారోహకులు బేస్ క్యాంపులో వారాల తరబడి కూర్చుంటారు. ఆ ఆటలో చెయ్యి తిరిగినవాళ్లనూ ప్రకృతి వదలదు. 2006లో ఏడు ఖండాల ఎత్తైన శిఖరాలను 172 రోజుల్లో ఎక్కిన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు, 2015 మార్చిలో ఆండీస్ పర్వతాల్లో వాతావరణం విషమించిన సమయంలోనే ప్రాణాలు కోల్పోయారు. మన గుట్టలు వాటి ముందు చిన్నవే. తెరిపి కోసం కాచుకునే పద్ధతి మాత్రం ఒకటే. అక్కడ గాలిని చూస్తారు, ఇక్కడ రాయిని చూడాలి.

ఇసుకరాయి లోపలి తడి

పాండవుల గుట్టల్లోకి అడుగుపెడితే ఎరుపు, గోధుమ, తేనె రంగుల గోడలు. గాలీ నీరూ కోట్ల ఏళ్లు తొలిచిన ముడతలు, గూళ్లు, ముందుకు పొడుచుకొచ్చిన కప్పులు. హిమాలయాలు లేవకముందే ఏర్పడిన రాయి ఇది. గొంతెమ్మ గుట్ట, ఎదురు పాండవులు, మేకల బండ అంటూ ఒక్కో చోటికి ఒక్కో పేరు. కప్పుల కింద ఆదిమానవులు ఎర్రని రంగుతో వేసిన జంతువుల బొమ్మలున్నాయి. అవి 1990లో వెలుగులోకి వచ్చాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ ఈ గుట్టలను భూవారసత్వ స్థలంగా గుర్తించింది. అటవీశాఖ ఇక్కడ రాక్ క్లైంబింగ్, రాపెల్లింగ్ కూడా నిర్వహించింది. పట్టు దొరికే గోడలు కాబట్టి ఎక్కేవాళ్లకు ఇది గ్రానైటు కంటే ముద్దొస్తుంది. ప్రమాదమూ అక్కడే ఉంది.

ఇసుకరాయి నువ్వులుండ లాంటిది. ఇసుక రేణువులు నువ్వులైతే, వాటిని పట్టి ఉంచే సిలికా, ఇనుప ఆక్సైడు, సున్నం, బంకమన్ను బెల్లం పాకం. రేణువుల మధ్య ఖాళీలుంటాయి. వాన నీరు వాటిలోకి ఇంకుతుంది. బంకమన్ను ఉన్న చోట అది నీరు తాగి ఉబ్బి పట్టు సడలిస్తుంది. పగుళ్ల కొనల దగ్గర నీటి అణువులు చేరితే సిలికా బంధాలు కూడా తక్కువ బలానికే తెగుతాయి. బ్రిటన్‌లోని 35 రకాల ఇసుకరాళ్ల మీద చేసి 1992లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, రాయి పూర్తిగా తడిస్తే దాని బలం 8 శాతం నుంచి 78 శాతం దాకా పడిపోయినట్టు తేలింది. ఈ రెండు అంకెల మధ్య దూరమే భయపెట్టేది. ఒక ఇసుకరాయి తడిని దాదాపు లెక్కచేయదు, మరొకటి సగానికి పైగా బలం పోగొట్టుకుంటుంది. కంటితో చూసి ఏది ఏదో చెప్పలేం.

పైగా ఇసుకరాయి పైనుంచి ఆరుతుంది. ఎండకు పై పొర పొడిగా, వెచ్చగా తగులుతుంది. వేలెడు లోతున తడి అలాగే ఉంటుంది. ఎక్కేవాడి బరువు మొత్తం నాలుగు వేళ్లతో పట్టుకున్న పలక మీద పడుతుంది. ఆ పలక గోడకు అతుక్కున్న చోటు లోపలి తడిలో ఉంది. విరిగితే మనిషి పడతాడు, ఆ పట్టు కూడా శాశ్వతంగా పోతుంది. అందుకే అమెరికాలో నెవాడా, యూటా ఇసుకరాతి గోడల దగ్గర వాన పడ్డాక ఒకటి నుంచి మూడు రోజులు ఎక్కకూడదన్నది క్లైంబర్ల కట్టుబాటు. జర్మనీలో ఎల్బ్ నది ఒడ్డున ఉన్న ఇసుకరాతి స్తంభాల మీద తడి రాయి ఎక్కడాన్ని నియమావళే నిషేధించింది. నూరేళ్లకు మించి ఎక్కుతున్నవాళ్లు పెట్టుకున్న నిబంధన అది.

లోపలి తడిని పసిగట్టడానికి పరికరాలు అక్కర్లేదు. గోడ మొదట్లో, నీడ ఉన్న చోట మట్టిని వేలితో రెండు, మూడు అంగుళాలు తవ్వండి. పైన పొడి ఇసుక, కింద ముద్దగా చేతికంటే మట్టి ఉంటే రాయి లోపలా అదే పరిస్థితి. గోడను అరచేత్తో గట్టిగా రుద్దండి. రేణువులు పిండిలా రాలుతుంటే ఆ రోజు ఎక్కుడు లేనట్టే. పట్టుకోబోయే పలకను పిడికిలితో తట్టండి. బోలుగా మోగితే వదిలెయ్యండి. ఈ మూడింటికీ కలిపి ఐదు నిమిషాలు పట్టదు. చిత్రాలున్న కప్పుల దగ్గరకు మాత్రం ఎండాకాలమైనా తాళ్లతో, సుద్దపొడి చేతులతో పోవద్దు. వేల ఏళ్లు నిలిచిన రంగు ఒక్క చెమట చెయ్యితో చెడిపోతుంది.

తాడు మాటా ఒకటి. క్లైంబింగ్ తాళ్లు నైలాన్‌వి. నైలాన్ నీరు పీల్చుకుంటుంది. తడిసిన తాడు పడిపోతున్న మనిషి కుదుపును తట్టుకునే శక్తి గణనీయంగా తగ్గుతుంది. ఆరితే చాలావరకు తిరిగొస్తుంది. కాబట్టి వానలో తడిసిన తాడును అదే సాయంత్రం వాడకుండా, నీడలో పరిచి ఆరబెట్టాలి.

కురిసిన వాన, కురవబోయే వాన

ఇక్కడే ఒక చిత్రమైన సౌలభ్యం ఉంది. రాయి ఆరిందా లేదా అన్నది తేల్చేది రేపటి వాన కాదు, మొన్నటి వాన. రేపటిది అంచనా, మొన్నటిది కొలిచిన లెక్క. తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీకి రాష్ట్రమంతటా వెయ్యికి పైగా స్వయంచాలిత వాతావరణ కేంద్రాలున్నాయి. ఏ మండలంలో నిన్న ఎన్ని మిల్లీమీటర్లు పడిందో అది చెబుతుంది. హైదరాబాదులో కుండపోత కురిసినా రేగొండలో చినుకు పడలేదని తెలిస్తే ప్రయాణం మానుకోనక్కర్లేదు. హైదరాబాదులో ఎండ కాస్తున్నా రేగొండలో నిన్న 30 మిల్లీమీటర్లు పడితే ఇసుకరాయి జోలికి పోకూడదు. అయినా చాలామంది రేపటి అంచనాను పదిసార్లు చూస్తారు గానీ నిన్నటి లెక్కను ఒక్కసారి చూడరు.

రేపటి అంచనాకు హద్దులున్నాయి. గాలి, ఉష్ణోగ్రత, తేమల తొలి కొలతల్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా రోజులు గడిచేకొద్దీ అది పెరిగి పెద్దదవుతుందని 1960లలో ఎడ్వర్డ్ లోరెంజ్ చూపించాడు. వాయుగుండం లాంటి పెద్ద వ్యవస్థల కదలికను నాలుగైదు రోజుల ముందే చెప్పగలుగుతున్నారు. ఒక్క ఉరుముల మేఘం ఏ ఊరి మీద విరుచుకుపడుతుందో మాత్రం కొన్ని గంటల ముందు వరకూ చెప్పలేరు. మన దేశం 2025 మే 26న ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడులతో లెక్కగడుతుంది. అంతకుముందు గడి 12 కిలోమీటర్లు. పెద్ద ముందడుగే. అయినా ఆరు కిలోమీటర్ల గడిలో గుట్టా, దాని పక్క రెండు ఊళ్లూ ఒకే చుక్కగా ఇమిడిపోతాయి.

రాడార్ ఉంది కదా అంటే, దానికీ ఒక ఇబ్బంది ఉంది. భూమి గుండ్రన. హైదరాబాదు రాడార్ నుంచి బయల్దేరిన కిరణం కొద్దిగా పైకి వంచి వదిలింది కావడంతో, 150 కిలోమీటర్ల దూరాన కేసముద్రం మీదకు వచ్చేసరికి నేలకు రెండున్నర, మూడు కిలోమీటర్ల ఎత్తులో పోతుంది. ఎత్తుగా లేచిన ఉరుముల మేఘం దానికి స్పష్టంగా కనిపిస్తుంది. తక్కువ ఎత్తులోని ముసురు మేఘం కొంత తప్పించుకుంటుంది. కాబట్టి రాడార్ బొమ్మలో ఖాళీగా ఉన్నంత మాత్రాన గుట్ట మీద చినుకు లేదని కాదు.

అందుకే అంచనాను విడతలుగా వాడుకోవాలి. నాలుగు రోజుల ముందు బంగాళాఖాతం చూడండి. అల్పపీడనం, వాయుగుండం ఏర్పడే సూచన ఉంటే ఈ వారం ప్రయాణమే వద్దు. ముందురోజు సాయంత్రం జిల్లా హెచ్చరిక రంగు చూడండి. వాతావరణశాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతిభారీ, 204.4 దాటితే అత్యంత భారీ. నారింజ, ఎరుపు రంగుల్లో గుట్టకు పని లేదు. పసుపు రంగు వస్తే రాయిని బట్టి, దారిలోని వాగులను బట్టి నిర్ణయం. ఇక ఆ రోజు ఉదయం నుంచి మూడు గంటలకోసారి వచ్చే తక్షణ సూచనలే ఆధారం.

మిర్చి రైతును చూడండి

మార్చి నుంచి మే దాకా ఇక్కడి వాతావరణానికి ఒక దినచర్య ఉంటుంది. పొద్దున నిర్మలమైన ఆకాశం. ఎండ ముదిరేకొద్దీ నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంది. విదర్భ నుంచి తమిళనాడు దాకా సాగే ద్రోణి ఉంటే బంగాళాఖాతం తేమ దానికి తోడవుతుంది. మధ్యాహ్నం మూడు దాటాక మొగులు కమ్ముతుంది. గాలిదుమారం, ఉరుములు, ఒక్కోసారి రాళ్లవాన. రాత్రికి మళ్లీ నక్షత్రాలు. ఇది కల్లంలో మిర్చి ఆరబోసిన రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మధ్యాహ్నం పడమటి దిక్కున మేఘం గోపురంలా పెరుగుతుంటే టార్పాలిన్ కుప్ప పక్కకు చేరుతుంది. చల్లగాలి ఒక్కసారిగా తోసుకొచ్చిందంటే కప్పేస్తారు. ఉరుముల మేఘం నుంచి కిందికి దిగి నేలమీద పరుచుకునే చల్లగాలి అది, వాన కంటే కొన్ని నిమిషాలు ముందొస్తుంది. గుట్ట మీద ఉన్నవాళ్లకూ అదే ఆఖరి హెచ్చరిక. కల్లాల మీద టార్పాలిన్లు పరుస్తుంటే తాడు దింపుకోవడం మొదలుపెట్టాలి.

కాబట్టి వేసవిలో ఎక్కుడు తెల్లవారుజామున. తొమ్మిది గంటలకు దిగిపోవాలి. ఆ తర్వాత బండ కాలుతుంది, చేతికి చెమట పడుతుంది. రోహిణి కార్తెలో అయితే ఆలోచనే వద్దు.

మెరుపు కనిపించాక ఉరుము వినిపించే దాకా సెకన్లు లెక్కపెట్టండి. ధ్వని మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు పోతుంది. ముప్పై సెకన్లలోపు వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల పరిధిలో ఉంది, తదుపరిది మీ మీద పడవచ్చు. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా మళ్లీ పైకి పోవద్దు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన దామిని యాప్ చుట్టుపక్కల పిడుగులను చూపిస్తుంది. సిగ్నల్ లేని చోట మాత్రం సెకన్ల లెక్కే దిక్కు. పాండవుల గుట్టల్లో పిడుగుల వేళ ఒక ఆశ పుడుతుంది: ఆదిమానవులు తలదాచుకున్న రాతి కప్పులున్నాయి కదా, అక్కడ నిలబడదామని. వానకు అవి మంచివే, పిడుగుకు కావు. రాతి మీద పడిన విద్యుత్తు గోడ వెంట పారుతూ కప్పు అంచుకూ నేలకూ మధ్య ఉన్న ఖాళీని దూకుతుంది. ఆ ఖాళీలో నిలబడ్డవాడి ఒంటి గుండా పోతుంది. లోతులేని గూటి అంచులో, గోడకు ఆనుకుని నిలబడటం అన్నిటికంటే చెడ్డ చోటు. గుట్ట దిగి వాహనంలో కూర్చుని అద్దాలు ఎత్తుకోవడం మేలు. ఇక సైకిలు రబ్బరు టైర్లు పిడుగు నుంచి కాపాడతాయన్నది వట్టి మాట.

చక్రం కింద మట్టి

సైకిలు దారుల లెక్క రాయి కంటే సులువు, చెల్కా, రేగడా అన్నదే తేడా. చెల్క నేలలో ఇసుక పాలు ఎక్కువ. నీరు కిందికి దిగిపోతుంది. ఓ మోస్తరు వాన పడ్డ మర్నాటికి చెల్క బాట తొక్కడానికి పొడి రోజుకంటే బాగుంటుంది. దుమ్ము అణగి టైరుకు పట్టు దొరుకుతుంది. రేగడిలోని బంకమన్ను వేరు. నీరు తాగితే దాని పొరలు విడి ఉబ్బుతాయి, ఆరితే కుంచించుకుని బీటలు వారుతాయి. తడి రేగడిలో సైకిలు వంద గజాలు పోదు. టైరుకు చుట్టుకున్న మట్టి ఫోర్కుకూ చక్రానికీ మధ్య బిగుసుకుని, చివరికి మోసుకుంటూ నడవాల్సి వస్తుంది. గేరు పళ్లలో ఇరుక్కున్న రేగడిని ఆరాక గీకడం కంటే తడిగా ఉన్నప్పుడే కడిగేయడం నయం. పత్తి చేల మధ్య నల్లని బాట కనిపిస్తే మూడు ఎండలు కాసేదాకా అటు పోవద్దు.

టైరు వెనక్కి తిరిగి చూడండి. చక్రం వేలెడు లోతు గాడి పెడుతుంటే అక్కడే ఆగి వెనక్కి మళ్లండి. మనం పెట్టిన గాడి ఎండాక రాయిలా గట్టిపడుతుంది. అటుపై వచ్చే వాననీరు అందులోంచే పారి బాటను కోసేస్తుంది. ఆ బాట మనకు ఒక్క రోజు ఆట, పక్క ఊరి రైతుకు ఏడాది పొడవునా ఎడ్లబండి దారి.

వాగు తర్వాత వస్తుంది

ఈ ప్రాంతంలో ప్రాణాలు తీసేది రాయి కంటే వాగు. దానికి కారణం, వాగు వానతో పాటు రాదు, వాన తర్వాత వస్తుంది. ఒక హెక్టారు బండ మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే లక్ష లీటర్ల నీరు. బండ దాన్ని పీల్చుకోదు కాబట్టి దాదాపు అంతా కిందికి ఉరుకుతుంది. గుట్టల మొదట్లో వాగు నిమిషాల్లో పొంగుతుంది. దిగువన, పై వాగులన్నీ కలిసే చోట, అదే నీరు గంటల తర్వాత చేరుతుంది. అప్పటికి అక్కడ ఎండ కూడా రావచ్చు. దానికి తోడు మన గొలుసుకట్టు చెరువులు. మామూలు వానలో అవి వరదను ఆపి ఉపకారం చేస్తాయి. హద్దు దాటితే ఎగువ చెరువు కట్ట తెగి దిగువ చెరువు మీద పడుతుంది. కేసముద్రం దగ్గర పట్టాల కిందకు వచ్చిన నీరు అలా పోగైనదే.

2023 జులై 26న ములుగు జిల్లా వెంకటాపురం మండలం వీరభద్రవరం దగ్గర ముత్యాలధార జలపాతం చూడటానికి వెళ్లిన 80 మంది దాకా పర్యాటకులు తిరుగు దారిలో వాగు పొంగడంతో అడవిలో చిక్కుకుపోయారు. వెళ్లేటప్పుడు దాటిన వాగే అది. విపత్తు స్పందన దళం రాత్రివేళ అడవిలోకి వెళ్లి వాళ్లను క్షేమంగా బయటికి తీసుకొచ్చింది. ఆ జిల్లాలోనే లక్ష్మీదేవిపేటలో ఆ వానల్లోనే 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన నమోదైంది. తెలంగాణలో ఒక్క రోజులో అంత వాన అంతకుముందెన్నడూ నమోదు కాలేదు. చదరపు కిలోమీటరుకు 65 కోట్ల లీటర్ల లెక్క. జులై 27న భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని మోరంచవాగు ముంచేస్తే ఇళ్ల కప్పుల మీద ఉన్నవాళ్ల కోసం హెలికాప్టర్లు దిగాల్సి వచ్చింది.

పారే నీటి తోపుడు దాని వేగానికి వర్గంగా పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపుడు నాలుగింతలు. వేగంగా పారే అరడుగు లోతు నీరు మనిషిని పడగొడుతుంది. అడుగు లోతు చిన్న కారును కదిలిస్తుంది, రెండడుగుల్లో చాలా వాహనాలు తేలిపోతాయి. కాబట్టి పటంలో దారి గీసుకునేటప్పుడు దూరం కంటే ముందు వాగులు లెక్కపెట్టండి. గుట్టకూ మకాముకూ మధ్య ఎన్ని లోలెవెల్ వంతెనలున్నాయి? వాటిని తప్పించే చుట్టుదారి ఉందా? లేకపోతే మధ్యాహ్నం వాన సూచన ఉన్న రోజు అటువైపు పోవడం తెలివి కాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణ. శుక్రవారం రాత్రి ఈ జిల్లాలన్నిటా ఓ మోస్తరు వాన పడి శనివారం తెరిపిచ్చింది. మొదటి రోజు భువనగిరి బండ. పది గంటలకల్లా ఆరిపోతుంది, దారి హైవే. రెండో రోజు కేసముద్రం చుట్టూ చెల్క బాటల్లో సైకిళ్లు. మూడో రోజు, మధ్యలో మళ్లీ చినుకు పడకపోతేనే, వేలితో మట్టి తవ్వి చూసుకుని పాండవుల గుట్టలు. తలకిందులుగా వేసుకుని మొదటి రోజే ఇసుకరాయి మీదకు పోతే రాయికీ మనిషికీ నష్టమే. మూడు రోజులు లేక రెండే ఉన్నాయా, ఇసుకరాయిని వదిలెయ్యండి. అది కోట్ల ఏళ్ల నుంచి అక్కడే ఉంది.

నెలల మాటకొస్తే నా ఓటు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి సగం దాకా. వాన తక్కువ, బండ చల్లగా ఉండి బూటు రబ్బరు బాగా పట్టుకుంటుంది. కాకపోతే రాత్రి నిర్మలాకాశం కింద బండ తన వేడిని వదిలేసి చల్లబడి, తెల్లారేసరికి మంచు పట్టి ఉంటుంది. ఎండ ఎక్కే దాకా ఆగాలి. అక్టోబరును మాత్రం నమ్మొద్దు. వానాకాలం అయిపోయిందనుకున్నాక, 2025 అక్టోబరు 28 రాత్రి నర్సాపురం దగ్గర తీరం దాటిన మొంథా తుఫాను మర్నాడు వరంగల్, మహబూబాబాద్ జిల్లాలను ముంచేసింది. డోర్నకల్ స్టేషన్‌లో పట్టాలు నీళ్లలో మునిగి రైళ్లు మళ్లీ ఆగాయి.

బయల్దేరే ముందు ఏ గుట్ట, ఏ దారి, ఎన్ని గంటలకు తిరిగొస్తారు అన్నది ఒక కాగితం మీద రాసి మకాంలో ఇచ్చి వెళ్లండి. అడవిలో సిగ్నల్ ఉండదు, వెతికేవాళ్లకు ఆ కాగితమే ఆధారం. ఫోన్ అందితే అత్యవసరానికి 112. పాండవుల గుట్టల్లో తాడు కట్టాలంటే ముందుగా అటవీ అధికారుల అనుమతి తీసుకోండి. వాగు దగ్గర ఊరివాళ్లు "ఇయ్యాల వద్దు" అంటే మాత్రం వాదించకుండా బండి వెనక్కి తిప్పండి.